మన క్యాబేజీ, మన గేదె పెరుగు... ఇంట్లోనే కోల్‌స్లా

చేలో క్యాబేజీ గడ్డ కట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తీరా కోసి మార్కెట్టుకు తెచ్చేసరికి ధర లేదు. కోత కూలి, బస్తా, ఆటో కిరాయి పోగా చేతికి మిగిలేదేమీ ఉండదు. 'ఇంటికి తీసుకుపోయి ఏం చేసుకుంటాం? రోజూ క్యాబేజీ కూరేనా?' అని పిల్లలు మూతి ముడుస్తారు. కొందరు గొర్రెలకు వదిలేస్తారు. కొందరు గొర్రు తోలేస్తారు. కూరగాయలు పండించే ప్రతి చిన్న రైతుకూ ఏదో ఒక ఏడు తప్పని అనుభవమే ఇది.

అదే క్యాబేజీ హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీద, చికెన్ వేయించి అమ్మే దుకాణంలో చిన్న ప్లాస్టిక్ గిన్నెలో కనిపిస్తుంది. సన్నగా తరిగి, తెల్లగా, మీగడ కలిపినట్టు ఉంటుంది. గుప్పెడు కూడా ఉండదు. దాని పేరు కోల్‌స్లా. మన పిల్లలు దాన్ని డబ్బిచ్చి కొనుక్కుని, గిన్నె ఊడ్చి మరీ తింటారు. ఇంట్లో కూర వద్దన్న పిల్లలే!

ఆ గిన్నెలో ఉన్నది మన క్యాబేజీ. దాన్ని చిక్కగా చేసే పదార్థమూ మన ఇంట్లోనే ఉంది. కోదాడ చుట్టుపక్కల సాగర్ ఎడమ కాలువ కింద పాడి గేదె ఉన్న ఇల్లు అయితే ఉప్పు, పంచదార, మిరియాలు తప్ప కొనాల్సింది పెద్దగా ఉండదు. 'ఇది వంటల సంగతి, ఆడవాళ్ల పేజీలో వేసుకోండి' అని పక్కన పెట్టకండి. దీన్ని వండకుండా పచ్చిగా తింటాం. కాబట్టి సగం పని వంటింట్లో ఉంటే, సగం పని చేలోనే ఉంది. ఆ సగం రైతుదే.

పేరు కొత్త, పని పాతదే

కోల్‌స్లా అన్న మాట డచ్చి భాష నుంచి వచ్చింది. వాళ్ల భాషలో 'కోల్' అంటే క్యాబేజీ, 'స్లా' అంటే పచ్చి కూరల సలాడ్. అమెరికాకు వలస వెళ్లిన డచ్చి వాళ్లతో పాటు అక్కడికి చేరి, తర్వాత వేయించిన కోడిమాంసం పక్కన తప్పనిసరి వంటకం అయింది. 1995లో బెంగుళూరులో కెంటకీ చికెన్ దుకాణం తెరిచిన తర్వాత ఆ తరహా తిండి మన పట్నాలకూ అలవాటయింది.

మనకిది మరీ వింతేమీ కాదు. దోసకాయ, సొరకాయ, ముల్లంగితో పెరుగు పచ్చడి చేసుకుంటాం కదా. ఇదీ ఆ కోవలోదే. తేడా ఒక్కటే. పెరుగు పచ్చడి పల్చగా జారుతుంది, తాలింపు ఉంటుంది. కోల్‌స్లా చిక్కగా ముక్కకు పట్టుకుని ఉంటుంది, తాలింపు ఉండదు.

గుడ్డు సొన ఎందుకు వద్దు?

హోటళ్లలో ఆ చిక్కదనం కోసం మయొనైజ్ అనే పదార్థం కలుపుతారు. పచ్చి గుడ్డు సొనలో నూనె కొద్దికొద్దిగా పోస్తూ గిలక్కొడితే అది తయారవుతుంది. గుడ్డు ఉడకదు కాబట్టి అందులో సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములుంటే అలాగే మిగిలిపోతాయి. ఎండపూట బయట పెడితే గంటల్లోనే పెరిగిపోతాయి. వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలు కావడానికి అది చాలు.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను కేరళ ప్రభుత్వం 2023 జనవరిలో నిషేధించింది. మన తెలంగాణలో 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. హైదరాబాదులో మోమోలు తిన్న పలువురు జబ్బు పడి, ఒక మహిళ చనిపోయిన రోజులవి. తమిళనాడు కూడా 2025 ఏప్రిల్‌లో ఏడాది నిషేధం విధించింది.

కనుక ఇంట్లో చేసుకునేటప్పుడు పచ్చి గుడ్డు జోలికి పోవద్దు. నీరు వార్చిన గేదె పెరుగు వాడితే అదే చిక్కదనం వస్తుంది. గేదె పాలలో వెన్న శాతం ఆవు పాలకంటే బాగా ఎక్కువ. అందుకే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. నీరు వార్చేస్తే మీగడలా నిలబడుతుంది.

ఏ గడ్డ కోయాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. మార్కెట్టు కోసం మందులు కొట్టిన తోటలోంచి ఆ పూటే గడ్డ కోసుకొచ్చి పచ్చిగా తినకూడదు.

ప్రతి పురుగుమందుకూ ఆఖరిసారి చల్లిన తర్వాత ఇన్ని రోజులు ఆగి కోయాలని లెక్క ఉంటుంది. డబ్బా మీది లేబులులోగానీ లోపల ఉండే మడత కాగితంలోగానీ అది రాసి ఉంటుంది. మందు మందుకూ ఆ రోజులు మారతాయి. మందు కొట్టిన రోజే ఇంట్లో క్యాలెండరు మీద మందు పేరు రాసి పెట్టుకోండి. ఆ గడువు దాటాకే కోయండి. ఏ మందు ఎప్పుడు కొట్టామో గుర్తు లేకపోతే ఆ గడ్డ కోల్‌స్లాకు పనికిరాదనే అనుకోండి. ఉప్పునీళ్లలో ముంచితే పురుగులు, మట్టి, పైపైన అంటిన మందు కొంత పోతాయి. ఆకులోకి ఇంకిన మందు మాత్రం పోదు.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పత్తికి తెచ్చి మిగిలిన మందును క్యాబేజీ మీద కొట్టే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. మన ఇంట్లో తిన్నా, కొన్నవాళ్ల ఇంట్లో తిన్నా అది మనిషి కడుపులోకే పోతుంది.

ఇంకో జాగ్రత్త. మురుగునీరు పారే తోటలో, పచ్చి పేడ వేసిన మడిలో పెరిగిన గడ్డను పచ్చిగా తినొద్దు. నులిపురుగులు, బద్దెపురుగుల గుడ్లు ఆకుల మీద అంటుకుని రావచ్చు. బాగా చివికిన పశువుల ఎరువే వేయాలి.

గడ్డ చేత్తో నొక్కితే గట్టిగా ఉండాలి. పగిలినది, పసుపు తిరిగినది వద్దు. లేత గడ్డ అయితే ముక్క తియ్యగా, కరకరలాడుతూ ఉంటుంది.

కావలసినవి (ఐదారుగురికి)

క్యాబేజీ - అర కిలో
క్యారెట్ - ఒకటి
ఉల్లిపాయ - చిన్నది ఒకటి (ఇష్టమైతే)
గేదె పాల పెరుగు - అర లీటరు (పుల్లబడనిది)
వేరుశనగ నూనె - రెండు పెద్ద చెంచాలు
ఆవాలు - అర చిన్న చెంచా
పంచదార - ఒక చిన్న చెంచా
మిరియాల పొడి - అర చిన్న చెంచా
నిమ్మకాయ - అర చెక్క
ఉప్పు - ఒక చిన్న చెంచా

చేసే పద్ధతి

1. పెరుగు వార్చడం: ముందు రోజు రాత్రి కొత్త తోడుతో గట్టిగా తోడుపెట్టిన పెరుగు తీసుకోండి. పల్చటి శుభ్రమైన నూలు గుడ్డలో పోసి మూటకట్టి, కింద గిన్నె పెట్టి నీడపట్టున వేలాడదీయండి. మూడు, నాలుగు గంటల్లో నీరు కారిపోయి పెరుగు సగానికి దగ్గరవుతుంది. ఎండాకాలంలో అంతసేపు ఉంచితే పులిసిపోతుంది. అప్పుడు రెండు గంటలతో ఆపేయండి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు జల్లెడలో గుడ్డ పరిచి, పెరుగు పోసి అందులో పెట్టుకోవచ్చు. కారిన నీళ్లు పారబోయకండి. మజ్జిగలో గానీ, పిండి కలిపేటప్పుడు గానీ వాడుకోవచ్చు.

2. క్యాబేజీ కడగడం: పైనున్న మూడు నాలుగు ఆకులు తీసేసి గొడ్లకు వేయండి. అవి కూడా మందు గడువు దాటినవైతేనే సుమా! గడ్డను నాలుగు చెక్కలు చేసి, మధ్యనున్న గట్టి కాడ తీసేయండి. రెండు లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల ఉప్పు, చిటికెడు పసుపు వేసి చెక్కల్ని పావుగంట ముంచి ఉంచండి. మడతల్లో దాగిన చిన్న పురుగులు పైకి తేలతాయి. తర్వాత తాగే నీళ్లతో రెండుసార్లు కడిగి, బోర్లించి నీరు ఓడ్చండి.

3. తరగడం: కత్తిపీట మీద దారాల్లా సన్నగా తరగాలి. ముక్క లావుగా ఉంటే పచ్చివాసన కొడుతుంది, పెరుగు పట్టదు. క్యారెట్ కడిగి చెక్కు తీసి తురమండి. ఉల్లిపాయను సన్నగా కోయండి.

4. ఉప్పు పట్టించడం: తరిగిన క్యాబేజీ, క్యారెట్‌లో చెంచాడు ఉప్పు కలిపి చేత్తో మెత్తగా పిసకండి. చిల్లుల గిన్నెలో వేసి అరగంట వదిలేయండి. ఊరిన నీరు కిందికి దిగుతుంది. తర్వాత పిడికిళ్లతో గట్టిగా పిండేయండి. ఇది చేయకపోతే కోల్‌స్లా కాదు, క్యాబేజీ మజ్జిగ అవుతుంది!

5. ఆవాలు: మెత్తగా పొడి కొట్టి, చెంచాడు చల్లటి నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచండి. తడి తగిలాకే ఆవపిండి ఘాటు బయటపడుతుంది. వేడినీళ్లు పోస్తే ఘాటు చచ్చిపోతుంది. ఆవకాయ పెట్టే ఇల్లాలికి ఆవపిండి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

6. మీగడలా చేయడం: వార్చిన పెరుగును గిన్నెలో వేసి, కవ్వంతో గానీ గరిటెతో గానీ ఉండల్లేకుండా చిలకండి. నానిన ఆవపిండి కలపండి. ఆ తర్వాత నూనెను చుక్క చుక్కగా పోస్తూ ఒకే వైపు తిప్పుతూ ఉండండి. చుక్క చుక్కగా పోస్తే నూనె పెరుగులో కలిసిపోయి నున్నగా, నిగనిగలాడుతూ వస్తుంది. అంతా ఒక్కసారే కుమ్మరిస్తే పైన తేలుతుంది. ఆవపిండి ఘాటుకే కాదు, నూనె విడిపోకుండా పట్టి ఉంచడానికీ సాయపడుతుంది.

7. కలపడం: పంచదార, మిరియాల పొడి, నిమ్మరసం వేసి రుచి చూడండి. తర్వాతే పిండిన క్యాబేజీ వేసి కలపండి. ఉప్పు మళ్లీ వేయకండి, ముక్కకు పట్టింది చాలు. గిన్నె చుట్టూ తడిగుడ్డ చుట్టి పావుగంట చల్లటిచోట ఉంచి తినండి.

మీ దగ్గర ఉన్నదానితో

గేదె లేదా? ఆవు పెరుగైతే ఇంకో గంట ఎక్కువ వార్చండి. చిక్కదనం చాలకపోతే వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పును మెత్తగా నూరి రెండు చెంచాలు కలపండి. నిమ్మకాయ లేకపోతే పచ్చి మామిడి కాయ తురుము వేయండి. దానికి నిమ్మరసానికి మించిన రుచి ఉంటుంది. కారం కావాలనే పెద్దవాళ్లకు పచ్చిమిరపకాయ సన్నగా తరిగి వేరే గిన్నెలో కలపండి. గానుగ నూనెకు వాసన ఎక్కువ. కొత్తగా తినే పిల్లలకు చేసేటప్పుడు అది ఒక చెంచా తగ్గించండి.

జొన్నరొట్టెలోకి బాగుంటుంది. చపాతీలో చుట్టి పిల్లలకు ఇవ్వొచ్చు. కోడి వేపుడు చేసిన ఆదివారం పక్కన పెట్టి చూడండి.

నిల్వ సంగతి

కలిపినది బయట ఉంటే రెండు గంటల్లో తినేయాలి. ఫ్రిజ్‌లో అయితే మర్నాటి దాకా. అంతకన్నా వద్దు. పొద్దున కలిపి స్కూలు డబ్బాలో పెట్టి మధ్యాహ్నం తినమనడం మంచిది కాదు. పుల్లటి వాసన వచ్చినా, నురగ కట్టినా పారేయండి, మొహమాటం లేదు. క్యాబేజీ తురుము విడిగా, పెరుగు విడిగా ఉంచుకుని తినేముందు కలుపుకోవడం తేలిక. కోయని గడ్డను పై ఆకులతో సహా నీడలో గాలి తగిలేచోట ఉంచితే వారం దాకా పాడవదు.

పచ్చి క్యాబేజీలో 'సి' విటమిను బాగా ఉంటుంది. ఉడికిస్తే అందులో చాలా భాగం పోతుంది. పచ్చిగా తినడంలో ఆ లాభం ఉంది. అయితే కొందరికి గ్యాసు పడుతుంది. మొదటిసారి గుప్పెడే తిని చూసుకోండి. థైరాయిడ్ మందులు వాడేవారు డాక్టరును అడిగి తినడం మంచిది.

వచ్చే పంటకు ఒక ఇంటి మడి

మార్కెట్టు తోటలో మందు మానడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఇంటికి మాత్రం ఒక చిన్న మడి విడిగా వేసుకోవచ్చు. బోరు దగ్గర గానీ, ఇంటి వెనక దొడ్లో గానీ 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు చోటు చాలు. 45 సెం.మీ. ఎడంతో నాటితే నలభైకి పైగా మొక్కలు పడతాయి. గోల్డెన్ ఏకర్ వంటి తక్కువ కాలపు రకమైతే నాటిన 60 నుంచి 70 రోజుల్లో చిన్న గుండ్రటి గడ్డలు కోతకొస్తాయి. ఇంటికి సరిపోయే సైజు. అన్నీ ఒకేసారి నాటకుండా పదిహేను రోజుల తేడాతో మూడు విడతలుగా నాటండి. అప్పుడు గడ్డలు ఒక్కసారే మీద పడవు.

క్యాబేజీకి అసలు శత్రువు డైమండు రెక్కల పురుగు. చిన్న ఆకుపచ్చ పురుగు ఆకుల్ని గీకి తిని జల్లెడ చేస్తుంది. దీనికి ఆవాలే విరుగుడు. ఆవ మొక్క ఈ పురుగు తల్లికి మహా ఇష్టం. క్యాబేజీని వదిలి ఆవ మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. పెద్ద తోటలో ప్రతి 25 వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు వేయమని శాస్త్రవేత్తలు చెబుతారు. ఒక వరస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. ఇంటి మడికి రెండు అంచుల వెంట ఇదే లెక్కన ఆవాలు చల్లండి. పురుగు పట్టిన ఆవ మొక్కల్ని అలాగే వదిలేస్తే మాత్రం అదే పురుగుల పుట్టవుతుంది. పీకి కాల్చేయాలి.

పేనుబంక, చిన్న పురుగులకు వేప గింజల కషాయం కొట్టండి. 10 లీటర్ల నీళ్లకు అర కిలో వేప గింజల పొడి కావాలి. పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా కొద్ది నీళ్లలో నానబెట్టి, పొద్దున బాగా పిండి, వడకట్టి 10 లీటర్లు చేయండి. 10 గ్రాముల సబ్బుపొడి కలిపి అదే రోజు సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా చల్లండి. పురుగు ఎక్కువగా ఉంటే బి.టి. మందు లీటరు నీటికి 1 గ్రాము చొప్పున సాయంత్రం పూట కొట్టవచ్చు. కోతకు వారం ముందు వేప కషాయం కూడా ఆపేయండి. లేకపోతే చేదు తగులుతుంది. అనుమానాలుంటే గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోగానీ, మీ మండల వ్యవసాయ, ఉద్యాన అధికారులనుగానీ అడగండి.

లెక్క నిజంగా చెప్పుకుందాం

కోల్‌స్లా చేసుకుంటే పడిపోయిన ధర లేస్తుందా? లేవదు. ఎకరం క్యాబేజీని ఏ ఇల్లూ తినలేదు. అమ్ముకుందామా అంటే, పెరుగు కలిపిన పచ్చి తిండిని చల్లగా ఉంచే ఏర్పాటు లేకుండా అమ్మడం ప్రమాదం. పైగా తిండి అమ్మాలంటే ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ తొందర వద్దు.

మరి లాభం ఏమిటి? ఒకటి, ధర లేనినాడు గడ్డలు గొర్రు కిందికి పోకుండా కొన్నయినా ఇంటిల్లిపాదికీ తిండి అవుతాయి. పిల్లలు బయట డబ్బు పోసి కొనే దానికన్నా శుభ్రమైనది ఇంట్లో తింటారు. రెండు, అసలు లాభం ఇది. 'ఈ గడ్డను నా బిడ్డకు పచ్చిగా పెట్టగలనా?' అని అడుగుకున్న రోజు మందు డబ్బా మీది గడువు చదవడం మొదలవుతుంది. ఆ మడిలో నిలబడిన పద్ధతి రెండో ఏడు పక్క సాళ్లకు పాకుతుంది. ఆవాల వరస, వేప కషాయం పెట్టుబడి తగ్గిస్తాయి. మందులు లేని గడ్డ అని మీరు నోటితో ధైర్యంగా చెప్పగలిగితే, సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడల్లో ఇంటింటికీ అడిగి కొనేవాళ్లు దొరక్కపోరు. గడ్డ గడ్డకూ తెలిసిన గిరాకీ, బస్తా లెక్కన తెలియని గిరాకీ కన్నా నయం.

ఈ ఆదివారం ఒక్క గడ్డతో మొదలుపెట్టండి. గడువు దాటిన గడ్డ కోయండి, పెరుగు వార్చండి, ఉప్పు పట్టించి పిండండి, నూనె చుక్క చుక్కగా పోయండి. పిల్లలు గిన్నె ఊడ్చి తింటే, కార్తె చూసుకుని ఇంటి మడికి నారు పోసుకోండి.